స్థలం అమ్మాలా, ఆపరేషన్ ఆపాలా?

ప్రశ్న: మాది కావలి, బట్టల కొట్టు. మా అబ్బాయికి 21 ఏళ్లు. చిన్నప్పటి నుంచి వినికిడి మిషన్లతో నెట్టుకొచ్చాం, ఇప్పుడవి చాలడం లేదు. చీకటి పడితే చూపు ఆనదు. వినికిడి, చూపు రెండూ తగ్గే అషర్ సిండ్రోమ్ అన్నారు. లోపలి చెవిలో ఆపరేషన్ చేసి అమర్చే వినికిడి పరికరం, కాక్లియర్ ఇంప్లాంట్‌కు చెన్నైలో ఒక చెవికి 9 లక్షలు చెప్పారు. 5.5 లక్షల ఎఫ్‌డీ, 25 సవర్ల బంగారం, 30 అంకణాల స్థలం ఉన్నాయి. రెండేళ్లు ఆగి కూడబెట్టమంటారా? స్థలం అమ్మి రెండు చెవులకూ ఒకేసారి చేయించమంటారా?

జవాబు: డాక్టరు సరేనన్నాక డబ్బు కోసం ఆపొద్దు. మీవాడు ఇప్పుడు సగం మాటలు పెదాలు చూసే అర్థం చేసుకుంటూ ఉంటాడు. ఈ జబ్బులో చూపు పక్కల నుంచి కుంచించుకుపోతూ వస్తుంది. ఇంప్లాంట్ పెట్టిన మర్నాటికే మాటలు తెలిసిపోవు. కొన్ని వారాల తర్వాత ఆన్ చేస్తారు, తర్వాత నెలల తరబడి మ్యాపింగ్ (శబ్దాల స్థాయిని వాడికి తగ్గట్టు సరిచేయడం), సాధన ఉంటాయి. ఆ కొత్త శబ్దాన్ని పెదాల కదలికతో జత చేసుకోవడానికి చూపు ఉన్న ఈ రోజులే మంచివి.

ఎఫ్‌డీలో 4.5 లక్షలు తీయండి. మిగిలిన లక్ష చెన్నై రాకపోకలకు, థెరపీకి. తక్కువ పడే 4.5 లక్షలకు బ్యాంకులో బంగారం తాకట్టు పెట్టండి. ఏడాదికి 10 శాతం అనుకున్నా నెలకు 3,750 వడ్డీ. బజార్లో రెండు రూపాయల వడ్డీకి తెస్తే 9,000 అవుతుంది. కొట్టు సరుకుకు తెచ్చే అలవాటుతో ఇక్కడా అదే పని చేయొద్దు.

అందరూ మరిచే ఖర్చు ఒకటుంది. లోపల పెట్టే భాగం ఏళ్ల తరబడి ఉంటుంది కానీ, చెవి వెనక పెట్టుకుని శబ్దాన్ని అందుకునే ప్రాసెసర్‌ను ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి, అదీ లక్షల్లోనే. బ్యాటరీలు, కేబుళ్లు సరేసరి. నెలకు 4,000 రికరింగ్ డిపాజిట్ వేస్తే, 6.5 శాతం వడ్డీతో 8 ఏళ్లకు సుమారు 5 లక్షలవుతాయి. ఆపరేషన్ అయిన నెల నుంచే మొదలుపెట్టండి. వారంటీ ఎన్నేళ్లు, పోతే బీమా ఉందా, సర్వీస్ ఎక్కడ అన్నవి డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి. మనది సముద్రం దగ్గరి ఊరు, చెమట, తేమ ఎక్కువ. ప్రాసెసర్‌ను ఆరబెట్టే డబ్బా తప్పనిసరి.

రెండో చెవి సంగతి. చూపు బాగున్నవాళ్లకు నేనైతే తొందరేమీ లేదనేవాణ్ణి. మీవాడికి అలా అనలేను. లారీ ఎటు నుంచి వస్తోందో తెలియాలంటే రెండు చెవులూ పనిచేయాలి. అందుకే స్థలాన్ని ఆ పనికే ఉంచండి, కానీ ఇప్పుడే తెగనమ్మకండి. అవసరం తెలిస్తే కొనేవాడు ధర దించుతాడు. నెమ్మదిగా బేరం పెట్టండి. ఈలోపు రెండో చెవికి పాత మిషన్ వాడనివ్వండి. మొదటి చెవి ఫలితం చూశాక డాక్టరు సరేనంటే అప్పుడు అమ్మండి. వాడి పేర అట్టే పెట్టిన స్థలం అంటారేమో, వాడికే కదా ఖర్చయ్యేది!

పాత ఆరోగ్య బీమా ఉంటే ఇంప్లాంట్‌కు వర్తిస్తుందో లేదో మెయిల్‌లో అడిగి జవాబు తెప్పించుకోండి. దీనికోసం కొత్త పాలసీ కొనకండి, ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పెడతారు. ప్రభుత్వ ఇంప్లాంట్ పథకాలు ఎక్కువగా చిన్నపిల్లలకే.

యూడీఐడీ కార్డులో (ప్రభుత్వం ఇచ్చే వైకల్య గుర్తింపు కార్డు) వినికిడి ఒక్కటే రాసి ఉంటే, నెల్లూరు ప్రభుత్వ ఆస్పత్రిలో చూపు కూడా పరీక్ష చేయించి మార్పించండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం బధిరాంధత్వం, అంటే వినికిడి, చూపు రెండింటి లోపం, బహుళ వైకల్యాల కిందికి వస్తుంది. మీరు పాత పన్ను విధానంలో ఉంటే, మీపై ఆధారపడిన కొడుకు కోసం ఏటా 75,000, వైకల్యం 80 శాతం లేదా అంతకు మించి ఉంటే 1,25,000 ఆదాయంలో తగ్గించుకోవచ్చు. ఖర్చు బిల్లులు చూపక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగాల్లో బహుళ వైకల్యాల వర్గానికీ, ఆటిజం, మేధో వైకల్యం వంటివాటికీ కలిపి 1 శాతం రిజర్వేషన్ ఉంది. డిగ్రీ పూర్తయ్యేలోపు కార్డు మార్చుకుంటే మొదటి దరఖాస్తుకే పనికొస్తుంది.