నోత్రదామ్‌పై విమానాలతో నీళ్లెందుకు పోయలేదు?

ప్రశ్న: 2019లో పారిస్‌లోని నోత్రదామ్ చర్చి తగలబడుతుంటే టీవీలో చూశాను. అడవులు అంటుకుంటే విమానాలతో నీళ్లు పోస్తారు కదా, అక్కడ ఆ పని ఎందుకు చేయలేదు? – ఒక పాఠకుడు, మారేడ్‌పల్లి

జవాబు: ఆ ఏప్రిల్ 15న ఇదే సలహాను అప్పటి అమెరికా అధ్యక్షుడు ట్రంప్ కూడా ట్విటర్‌లో ఇచ్చారు. అలా చేస్తే కట్టడం మొత్తం కూలిపోవచ్చని ఫ్రాన్స్ పౌర రక్షణ విభాగం బదులిచ్చింది. అడవి మంటలపై వాడే కనడేర్ విమానం ఒక విడతలో సుమారు ఆరు వేల లీటర్లు గుమ్మరిస్తుంది. మన వీధికొచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకరు నీటికంటే అది ఎక్కువ. పైకప్పు కాలిపోతూ, కింది రాతి కమానులు నిలుస్తాయో లేదో తెలియని వేళ అంత బరువు పైనుంచి పడితే ఏమవుతుందో ఊహించవచ్చు. పైగా, వేడెక్కిన లాంతరు గ్లాసు మీద నీటి చుక్క పడితే చిట్లినట్లే, కాలిన సున్నపురాయి కూడా హఠాత్తుగా చల్లబడితే పగిలే ప్రమాదం ఉంది. అందుకే పారిస్ అగ్నిమాపక దళం సీన్ నది నుంచి కూడా నీటిని తోడి, గొట్టాలతో ఆచితూచి చల్లింది.

ప్రశ్న: అయితే ఫైరింజన్లు ఆలస్యంగా వెళ్లడంవల్లే శిఖరం కూలిందా? – ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: ఆలస్యం జరిగింది, కానీ వారివల్ల కాదు. సాయంత్రం 6:20 ప్రాంతంలో అలారం మోగితే, కాపలాదారు అసలు అటకకు కాక, పక్కనున్న చిన్న కట్టడం అటకలోకి వెళ్లి చూశాడు. పొరపాటు తెలిసి, మెట్లన్నీ ఎక్కి, మంటను కళ్లారా చూసి, కబురు పంపేసరికి సుమారు అరగంట గడిచింది. (మన అపార్ట్‌మెంట్లలోనైతే ముందు అలారం ఆపేసి, తర్వాత కారణం వెతికేవాళ్లే ఎక్కువ.) ఎండిన ఓక్ దూలాలతో నిండినందుకే 'అడవి' అని పిలిచే ఆ అటకకు అరగంట చాలా ఎక్కువ. ఎనిమిది గంటలకు కాస్త ముందు శిఖరం కూలిపోయింది.

నా దృష్టిలో అసలు పరీక్ష ఆ తర్వాతే వచ్చింది. మంట ఉత్తర గోపురంలోకి పాకింది. అక్కడ గంటలను మోసేది కొయ్య చట్రమే కనుక, అది కాలి గంటలు పడిపోతే ఆ గోపురమూ, దానితోపాటు రెండోదీ, ముఖభాగమూ కూలే ప్రమాదం ఏర్పడింది. కప్పును కాపాడే ఆశ వదులుకుని, దళాధిపతి జనరల్ గాలే కొందరిని ఆ గోపురంలోకే పంపారు. ఇంకొందరు వరుసగా నిలబడి ముళ్ల కిరీటం వంటి పవిత్ర వస్తువులను చేతులు మార్చుకుంటూ బయటికి చేర్చారు. లోపల మనిషి నిలవలేని చోటికి కొలోసస్ అనే రోబోను పంపారు. గోపురాలు నిలిచాయి, ఒక్క ప్రాణం కూడా పోలేదు.

ప్రశ్న: ఇప్పుడు దాన్ని లోపలికి వెళ్లి చూడవచ్చా? – మరొక పాఠకుడు, అంబర్‌పేట

జవాబు: చూడవచ్చు. 2024 డిసెంబరులో తిరిగి తెరిచారు. కప్పును మళ్లీ ఓక్ దూలాలతోనే కట్టారు, అయితే ఈసారి అటకలో నీటి తుంపర చల్లే ఏర్పాటు కూడా చేశారు.