డేటింగ్ షోల మీద పేపర్ రాస్తున్న బుజ్జమ్మకు పెద్దమ్మ ఉత్తరం

బుజ్జమ్మా,

నువ్వు రియాలిటీ డేటింగ్ షోల మీద పేపర్ రాస్తున్నావనీ, మీ గైడు మొదటి డ్రాఫ్టు వెనక్కిచ్చి మళ్లీ రాయమన్నారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "ఒంగోలుకు చదువుకోమని పంపితే ఇది టీవీలో ప్రేమలు చూస్తా కూర్చుందక్కా" అని దాని బాధ. నాకు మాత్రం ముందు సంతోషమే కలిగింది. మన ఇళ్లలో ఆడపిల్ల పెళ్లి గురించి మేనమామలు మాట్లాడతారు, పక్కింటివాళ్లు మాట్లాడతారు, పెళ్లిళ్ల పేరయ్య మాట్లాడతాడు. ఆ పిల్లను ఎవరూ అడగరు. అలాంటి ఇంట్లో పెరిగిన నువ్వు, ఒకరినొకరు ఎంచుకోవడాన్ని పోటీగా మార్చి చూపించే కార్యక్రమాల గురించి ఆలోచించి రాస్తానంటే నాకు గర్వంగా ఉండదా? అందుకే డ్రాఫ్టు పంపమన్నాను. చదివాక దిగులు పట్టుకుంది. మీ అమ్మ దిగులు వేరు, నాది వేరు. నాది పద్నాలుగో పేజీ గురించి. దాని దగ్గరికి వస్తాను.

చిన్నవి ముందు చెప్పేస్తాను. "నేటి ఆధునిక యుగంలో" అని మొదలయ్యే పేరా మొత్తం తీసెయ్యి. ఏ మాట ఎక్కడి నుంచి తీసుకున్నావో ఆ రోజే రాసిపెట్టుకో. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం థీసిస్‌లో కాపీ 10 శాతం దాటితే మళ్లీ రాసివ్వాలి, 40 దాటితే ఒక ఏడాది పోతుంది, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. నీది థీసిస్ కాకపోయినా ఆ అలవాటు ఇప్పుడే రావాలి. రాత్రి రెండింటి దాకా ఎపిసోడ్లు చూడొద్దు, నీకు చిన్నప్పటి నుంచీ తలనొప్పి ఉంది.

ఇక అసలు సంగతి. నీ డ్రాఫ్టులో అమెరికా వాళ్ల 'ది బ్యాచిలర్' ఉంది, బ్రిటన్ వాళ్ల 'లవ్ ఐలండ్' ఉంది, ఎంటీవీ 'స్ప్లిట్స్‌విల్లా' ఉంది, నెట్‌ఫ్లిక్స్ 'ఇండియన్ మ్యాచ్‌మేకింగ్' ఉంది, చివర్లో నాలుగు లైన్లలో స్టార్ మా వాళ్ల 'పెళ్లిచూపులు' ఉంది. ఇరవై పేజీల్లో ఇన్ని పట్టవు. ఒక్కో షోకి ఒక్కో పేరా రాస్తే అది పరిచయం అవుతుంది కానీ పరిశీలన కాదు. ఒక షో, ఒకే సీజన్ తీసుకో. మిగతావి అవసరమైన చోట పోలికకు వాడుకో.

నన్నడిగితే నాలుగు లైన్లలో తోసేసిన ఆ పెళ్లిచూపులే తీసుకోమంటాను. 2018లో యాంకర్ ప్రదీప్ పెళ్లికొడుకుగా, సుమ నడిపించిన కార్యక్రమం అది. అప్పట్లో మా వీధిలో ఆడవాళ్లందరూ చూసేవాళ్లు. ఒక అమ్మాయిని పోటీలోంచి పంపేసిన రాత్రి మా పక్కింటి వదిన ప్రహరీ దగ్గరికి వచ్చి, "పాపం, ఆ పిల్లకి ఇప్పుడు సంబంధం ఎట్లా వస్తుందో" అంది. ఆమెకు ఆ పిల్ల ఎవరో తెలియదు, ఊరు తెలియదు. కానీ నిజంగా బాధపడింది. తెర మీద కనిపించే మనిషిని తెలిసిన మనిషిలా అనుకునే ఈ బంధం గురించి హార్టన్, వోల్ అనే ఇద్దరు 1956లోనే ఒక వ్యాసం రాశారు. నువ్వు ఆ వ్యాసాన్ని రెండో పేజీలో పెట్టి వదిలేశావు. దాన్ని మా వదిన మాట పక్కన పెట్టి చూడు. అమెరికాలో బ్యాచిలర్ షోలో, ఉండమని ఇచ్చే గులాబీ దక్కని అమ్మాయిని చూసి అక్కడివాళ్లు ఆమె మనసు విరిగిందనుకుంటారు. ఇక్కడ మా వదినకు ముందు గుర్తొచ్చింది సంబంధం. పోటీ నుంచి తప్పించడాన్ని మనవాళ్లు 'పిల్ల నచ్చలేదన్నారు' అనే పాత మాటగా విన్నారు. పేపరంతా నడిపించగల ప్రశ్న నీకు అందులోనే దొరుకుతుంది.

డేటింగ్ షోలు 2002లో పుట్టాయని రాశావు, అది తప్పు. 1965లోనే అమెరికాలో ఏబీసీ చానెల్ 'ది డేటింగ్ గేమ్' మొదలుపెట్టింది. అడ్డుగోడకు అటువైపు ముగ్గురు అబ్బాయిలు, ఇటువైపు ఒకమ్మాయి. మొహం చూడకుండా ప్రశ్నలడిగి ఒకరిని ఎంచుకునేది. బ్రిటన్‌లో 1985లో 'బ్లైండ్ డేట్' వచ్చింది. అవన్నీ ఒక పూట ఆటలు. 2002లో వచ్చిన బ్యాచిలర్ ఆ ఆటను సీజన్ పొడవునా సాగదీసింది. ఒక మగవాడు, 25 మంది ఆడవాళ్లు, గులాబీ అందనివాళ్లు ఇంటికి. నెట్‌ఫ్లిక్స్ షో 'లవ్ ఈజ్ బ్లైండ్' 2020లో మళ్లీ గోడ కట్టింది. మొహం చూడకుండానే పెళ్లికి ఒప్పుకోవాలి. అది చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. తాళి పడేదాకా మా తాతయ్య మొహం చూడలేదామె. అయితే ఆ షోలోవాళ్లు చూడకపోయినా గంటలకొద్దీ మాట్లాడుకుంటారు. అమ్మమ్మకు మాట కూడా లేదు.

ఇంకో చోట "స్వయంవరం మన సంస్కృతే" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అంత తొందరెందుకు? సీతమ్మకూ ద్రౌపదికీ పరీక్ష పెట్టింది తండ్రులు. దమయంతి తానే ఎంచుకుంది. అవి రెండూ ఒకటి కాదు. ఎన్డీటీవీ ఇమాజిన్ చానెల్ 2009లో రాఖీ సావంత్‌తో స్వయంవరం నడిపినప్పుడు ఎంచుకున్నది ఆడమనిషి. మరుసటేడు అదే వరసలో రాహుల్ మహాజన్ వచ్చి కూర్చున్నాడు, ఎంచుకునేది మగవాడైపోయాడు, స్వయంవరం అన్న పేరు మాత్రం అలాగే ఉంది. నీ పేపర్లో ఇది లేదు, ఉండాలి.

దీనికి సరిగ్గా ఎదురుగా, "పాశ్చాత్య సంస్కృతి దాడి" అని కూడా రాశావు. అది నిలబడదు. నీ చిన్నప్పుడు మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గాకు తీసుకెళ్లాను, గుర్తుందో లేదో. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు తెచ్చిస్తారు, కోరిక ఉన్నవాళ్లు అడిగి తీసుకుంటారు. ఉద్యోగం రొట్టె, సంతానం రొట్టె, పెళ్లి రొట్టె. అంతమంది మధ్యలో నిలబడి ఒక పిల్ల "పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుంది" అని అడుగుతుంది. ఎవరూ నవ్వరు. నాకు పెళ్లి కావాలి అని నలుగురిలో చెప్పుకోవడం మనకు కొత్త కాదు బుజ్జమ్మా. ఆ చెరువులో ఒకరికి రొట్టె దొరికితే ఇంకొకరు ఓడిపోరు. కొత్తగా వచ్చింది ఆ ఓడించడం, ఓడినవాళ్ల కన్నీళ్లను దగ్గరగా చూపించడం. ఏది కొత్తదో ఇంత వివరంగా చెప్పు, సంస్కృతి మీద ఉపన్యాసం అక్కర్లేదు.

ఎపిసోడ్లు చూసే పద్ధతి మార్చుకో. తెర మీదికొచ్చేది జరిగినదంతా కాదు, తీసినదాంట్లోంచి మిగిల్చింది. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎన్నో నిమిషంలో ఏముందో రాసుకో. ఎవరు మాట్లాడుతున్నారు, వింటున్నవాళ్ల మొహం చూపించారా, వెనక సంగీతం ఏముంది. ఒక వాక్యం మొదట్లో మనిషి మొహం ఉండి, మధ్యలో ఇంకేదో దృశ్యం వచ్చి, గొంతు మాత్రం వినబడుతుంటే అక్కడ గీత పెట్టుకో. వేరువేరు చోట్ల అన్న మాటల్ని అతికించి ఒకే మాటగా వినిపించడం ఆ రంగంలో ఉన్నదే, దాన్ని వాళ్లు ఫ్రాంకెన్‌బైట్ అంటారు. అతికించారని అన్నిసార్లూ నువ్వు నిరూపించలేవు. నిరూపించలేనిచోట "మొహం కనబడలేదు" అని రాయి చాలు. కెమెరా ముందు ఒంటరిగా కూర్చుని చెప్పే మాటలు ఆ సంఘటన తర్వాత రికార్డు చేసినవని మర్చిపోకు. ఈ షోల తెర వెనక బతుకు మీద కల్పిత సీరియల్స్ కూడా ఉన్నాయి. చూస్తే చూడు, సాక్ష్యంగా మాత్రం చూపించకు.

అందుకే నువ్వు ఒక అమ్మాయిని "అహంకారి, నటిస్తోంది" అని రాసిన చోట నాకు కోపం వచ్చింది. ఆ అమ్మాయి నీకు తెలుసా? నీకు తెలిసింది ఎడిటింగ్ టేబుల్ మీద మిగిలిన అమ్మాయి. లవ్ ఐలండ్‌లో పాల్గొన్న ఇద్దరు 2018లో ఒకరు, 2019లో ఒకరు ప్రాణం తీసుకున్నారు. కారణాలు మనం తీర్మానించకూడదు. కానీ పాల్గొనేవాళ్ల క్షేమం ఎవరి బాధ్యత అని ఆ దేశమంతా అడిగింది. 2021 ఏప్రిల్ నుంచి అక్కడి ప్రసారాలను నియంత్రించే ఆఫ్‌కామ్ సంస్థ నిబంధనల్లో వాళ్ల రక్షణ గురించి కొత్త నియమాలు చేరాయి. లవ్ ఈజ్ బ్లైండ్‌లో పాల్గొన్నవాళ్లు ఉద్యోగులతో సమానమేనంటూ 2024 డిసెంబరులో అమెరికా కార్మిక సంబంధాల బోర్డు ఫిర్యాదు దాఖలు చేసింది. కన్నీళ్లు పెట్టించుకోవడం కూడా పనేనా, దానికి కూలీ ఎంత, ఎన్ని గంటలు? "యువత చెడిపోతోంది" అనే నీ ముగింపు కంటే ఈ ప్రశ్న బరువైనది. యువత చెడిపోతోందని రాయాలంటే చూసేవాళ్లను పరిశీలించాలి. నువ్వు చూసింది షోనే కదా. ఎంత చూశావో అంతే చెప్పు.

ఇక పద్నాలుగో పేజీ.

హాస్టల్లో ఒకమ్మాయితో మాట్లాడి రాశావు. పేరు మార్చావు. కానీ ఏ మండలమో రాశావు, వాళ్ల నాన్న రొయ్యల చెరువులు చేస్తాడని రాశావు, ఏ గ్రూపు ఏ సంవత్సరమో రాశావు, ఇంట్లో తెలియని ఒక అబ్బాయి సంగతి రాశావు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో చెప్తాను, విను.

మా ఎమ్మే బ్యాచ్‌లో కందుకూరు వైపు నుంచి వచ్చినామె ఒకామె ఉండేది. మా అందరికంటే బాగా రాసేది. పెళ్లిచూపుల్లో కూర్చున్న ఆడపిల్లల అనుభవాలు అనే విషయం తీసుకుంది. అప్పట్లో అలాంటిది ఎవరూ తీసుకునేవాళ్లు కాదు, డిపార్ట్‌మెంటంతా మెచ్చుకుంది. ఊళ్లు తిరిగింది, రాత్రిళ్లు ఆడపిల్లల పక్కన పడుకుని మాట్లాడింది. అందులో మన్నేరు దగ్గర ఊళ్లో పోస్టుమాస్టరు పెద్దకూతురు ఒకమ్మాయి. వచ్చినవాళ్లందరూ వద్దనిపోతున్నారు. వాళ్లలో ఒకతను తనకు నచ్చాడనీ, అతని ఫొటో తిరిగివ్వకుండా ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నాననీ ఆ అమ్మాయి చెప్పుకుంది. ఎవరికీ చెప్పని మాట. మా స్నేహితురాలు పేరు మార్చింది, ఊరి పేరు ఎత్తలేదు. కానీ మంచి రాతగత్తె కదా, మనిషి కళ్లకు కట్టాలని ఏరు రాసింది, తండ్రి ఉద్యోగం రాసింది, ఎడమ చెంప మీద చిన్నప్పటి కాలిన మచ్చ రాసింది. ఫస్ట్ క్లాస్ వచ్చింది. బైండు చేసిన కాపీ అలమరాలో పెట్టారు.

తర్వాత ఆ అమ్మాయికి పెళ్లయింది. ఆమె అత్తగారి ఊరి కుర్రాడు ఒకడు అదే డిపార్ట్‌మెంట్‌లో చేరి ఆ కాపీ తిరగేశాడు. సంగతి ఊరికి చేరింది. ఆమెను ఎవరూ పుట్టింటికి పంపలేదు, కాపురం నిలబడింది. కానీ ఆ ఇంట్లో ఏ చిన్న మాటొచ్చినా "పుస్తకంలోకి ఎక్కినదానివి" అనేవాళ్లట. అది తెలిసి మా స్నేహితురాలు క్షమించమని అడగడానికి ఆ అమ్మాయి తల్లి దగ్గరికి వెళ్లింది. ఒక్కతే పోలేక నన్ను తోడు తీసుకెళ్లింది. ఆ తల్లి మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. "పేరు మార్చానమ్మా" అంది మా స్నేహితురాలు ఏడుస్తూ. ఆమె గొంతు కూడా పెంచలేదు. "పేరు మారిస్తే మచ్చ మారుద్దా తల్లీ" అంది. కాపీ తీసేయమని మావాళ్లు అడిగితే, రిజిస్టర్‌లోకి ఎక్కింది తీయడం కుదరదన్నారు. మా స్నేహితురాలు బ్యాంకు పరీక్ష రాసి వెళ్లిపోయింది. అంత బాగా రాసే మనిషి మళ్లీ కలం పట్టలేదు.

టీవీకి వచ్చినవాళ్లు కనీసం కెమెరా ఉందని తెలిసి వచ్చారు, కాగితం మీద సంతకం పెట్టారు. మీ హాస్టల్ పిల్ల స్నేహితురాలివని నీతో చెప్పుకుంది. నువ్వు చెడ్డ ఉద్దేశంతో రాయలేదని నాకు తెలుసు తల్లీ. నువ్వెంత మెత్తని పిల్లవో నాకంటే ఎవరికి తెలుసు? కానీ మన జిల్లాల్లో ఏ ఇద్దరిని కలిపినా మధ్యలో ఒక చుట్టం ఉంటాడు.

ఈ రోజే ఆ పేజీ తీసెయ్యి. తర్వాత ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి, ఏం రాశావో చదివి వినిపించు. వద్దంటే వదిలెయ్యి, బతిమాలొద్దు. సరేనంటే అబ్బాయి సంగతి పూర్తిగా మాని, షో చూస్తున్నప్పుడు తనకేమనిపించిందో అదొక్కటే రాయి. ఊరు, తండ్రి పని, గ్రూపు ఏదీ వద్దు, "డిగ్రీ చదివే అమ్మాయి" అంటే చాలు. రాసింది మళ్లీ చూపించు. ఫోన్లో రికార్డు చేసుంటే చెరిపెయ్యి. నాకు వాట్సాప్‌లో పంపిన ఫైలు నేను తీసేశాను, నీ వైపు కూడా తీసెయ్యి. గ్రూపులో ఎవరికైనా పంపావా? పంపితే ఎవరెవరికో నాకు ఫోన్ చేసి చెప్పు, కోప్పడను. మీ గైడు దగ్గరున్న ప్రింటౌటు అడిగి వెనక్కి తెచ్చుకో. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు. ఆయన ఒప్పుకోకపోతే నేను బస్సెక్కి వస్తాను.

పెద్దమ్మ
కావలి