బయటి బ్యాటరీ వాడితే కెమెరా వారంటీ పోయినట్టేనా?

ప్రశ్న: మాది కావలి. పెళ్లిళ్లకు, శుభకార్యాలకు ఫొటోలు తీసి బతుకుతున్నాను. 14 నెలల కిందట 2 సంవత్సరాల వారంటీతో కెమెరా కొన్నాను. పోయిన నెల జొన్నవాడలో పెళ్లి తీస్తుండగా బ్యాటరీ వేడెక్కి, ఉబ్బి, లోపలే ఇరుక్కుపోయింది. కెమెరా మళ్లీ ఆన్ కాలేదు. ఆ బ్యాటరీ కెమెరా కంపెనీది కాదు. నెల్లూరులో ఒక షాపతను "ఒరిజినల్ 5,000 పైమాటే, ఇది 1,500, రెండూ ఒకటే" అంటే కొన్నాను. సర్వీస్ సెంటర్‌వారు బయటి బ్యాటరీ వాడినందుకు వారంటీ మొత్తం రద్దని, మరమ్మతుకు 28,000 కట్టమని అంటున్నారు. షాపతను వారం దాటితే తనకు సంబంధం లేదంటున్నాడు. ఈ డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకోవాలి? ఇకముందు ఏ బ్యాటరీ కొనమంటారు?

జవాబు: ముందుగా మీ వారంటీ కార్డు తీసి, మినహాయింపుల భాగాన్ని నిదానంగా చదవండి. సాధారణంగా అక్కడ ఉండే షరతు, తమవి కాని పరికరాల "వల్ల కలిగిన" నష్టానికి కంపెనీ బాధ్యత వహించదని మాత్రమే. బయటి బ్యాటరీ పెట్టిన మరుక్షణం వారంటీ అంతా చెల్లదనడానికీ, ఆ బ్యాటరీ వల్ల చెడిన భాగానికి మాత్రం వారంటీ వర్తించదనడానికీ చాలా తేడా ఉంది. రేపు మీ కెమెరా షట్టరో, స్క్రీనో బ్యాటరీతో సంబంధం లేకుండా పాడైతే, ఇటువంటి షరతును చూపి కంపెనీ మరమ్మతు నిరాకరించకూడదు. మినహాయింపును ఆశ్రయించేవారే దానికి కారణాన్ని నిరూపించాలన్నది సాధారణ న్యాయసూత్రం. కాబట్టి నోటిమాటతో సరిపెట్టుకోకుండా, ఏ భాగం చెడింది, ఏ కారణం వల్ల చెడింది అనే వివరాలతో జాబ్ షీటు రాసి ఇమ్మని అడగండి.

అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం, ఫలానా బ్రాండు విడిభాగాలే వాడాలని వారంటీకి షరతు పెట్టడాన్ని సాధారణంగా నిషేధిస్తుంది. మన దేశంలో అచ్చంగా అటువంటి చట్టం లేకపోయినా, షంషేర్ కటారియా అనే వ్యక్తి ఫిర్యాదు మీద 2014లో కాంపిటీషన్ కమిషన్ (వ్యాపారంలో పోటీని కాపాడే ప్రభుత్వ సంస్థ) 14 కార్ల కంపెనీలకు ఇచ్చిన ఉత్తర్వు మీ వాదనకు పనికొస్తుంది. బయట రిపేరు చేయించారన్న ఒక్క కారణంతో వారంటీని గుండుగుత్తగా రద్దు చేయరాదని, ఆ రిపేరులోని లోపం వల్ల కలిగిన నష్టం మేరకే రద్దు చేయవచ్చని కమిషన్ అందులో చెప్పింది. అది కార్లకు సంబంధించినది, పై అప్పీళ్లకు కూడా వెళ్లినది, కనుక కెమెరా కంపెనీని నేరుగా కట్టిపడేయదు. అయినా ఆ తర్కాన్ని మీ నోటీసులో ఉటంకించడం మంచిది.

ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పక తప్పదు. బ్యాటరీ ఉబ్బి లోపల ఇరుక్కున్నది కనుక, ఈ 28,000 విషయంలో కెమెరా కంపెనీ మీద మీ వాదన బలహీనమైనది. మీ బలమంతా షాపు మీద, బ్యాటరీ తయారు చేసినవారి మీద లేదా దిగుమతి చేసుకున్నవారి మీద ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని ఆరవ అధ్యాయం ప్రకారం, లోపమున్న వస్తువు మరో ఆస్తికి నష్టం కలిగిస్తే తయారీదారు పరిహారం ఇవ్వాలి. తయారీదారు ఎవరో తెలియకపోయినా, తెలిసినా అతనికి నోటీసు అందే వీలు లేకపోయినా, 86వ సెక్షన్ కింద అమ్మినవాడే బాధ్యుడవుతాడు. "రెండూ ఒకటే" అన్న హామీ వాట్సాప్‌లోనో, బిల్లు మీదనో ఉంటే అది మీకు ఎంతో మేలు చేస్తుంది. అయితే పెళ్లి బేరం పోయిన నష్టం, అంటే ఆర్థిక నష్టం, ఈ అధ్యాయం కింద రాదు. దానిని లోపం, నిర్లక్ష్యం కింద విడిగా కోరాలి.

షాపువారి లాయరు మిమ్మల్ని అడగబోయే ప్రశ్నలు రెండు. బ్యాటరీని ఏ చార్జరుతో చార్జి చేశారు? మన ఎండల్లో కారు డాష్‌బోర్డు మీద వదిలేశారా? తప్పుగా వాడిన వస్తువు విషయంలో అమ్మినవారికి 87వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అందుచేత ఆ రోజు జరిగింది జరిగినట్టు, మరిచిపోకముందే తేదీ వేసి రాసి పెట్టుకోండి.

మీరు సంపాదన కోసం కెమెరా కొన్నారు కాబట్టి వినియోగదారు కారనే అభ్యంతరం కూడా తప్పకుండా వస్తుంది. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే కొని వాడుకునే వస్తువును చట్టంలోని వివరణ వాణిజ్య ప్రయోజనం నుంచి మినహాయించింది. సాయానికి ఒకరిద్దరిని పెట్టుకున్నంత మాత్రాన ఆ రక్షణ పోదని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిర్యాదులో ఈ సంగతిని స్పష్టంగా రాయడం మరిచిపోవద్దు. కాగితంలో లేని సంగతిని తరువాత వాదనలో తేవడం కష్టం.

ఇప్పుడు ఆ బ్యాటరీని సర్వీస్ సెంటర్‌వారి చేత బయటకు తీయించి, వెలుతురులో చూడండి. దాని మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద "ఆర్" అక్షరంతో మొదలయ్యే 8 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయా? ఇటువంటి లిథియం బ్యాటరీలకు ఐఎస్ 16046 ప్రమాణం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరి పేరున ఉందో తెలుస్తుంది. పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ లేకపోతే ఆ లోపాన్ని కూడా ఫొటో తీయండి. బ్యాటరీ సొంత బ్రాండు పేరుతో, "ఫలానా మోడలుకు సరిపోతుంది" అని అమ్మినదైతే అది చట్టబద్ధమైన వస్తువే; ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 దానిని అనుమతిస్తుంది. కెమెరా కంపెనీ పేరే ముద్రించి ఉంటే మాత్రం అది డూప్లికేట్, దాన్ని అమ్మడం జైలు శిక్ష పడగల నేరం. ఈ రెండింటినీ కలిపి "లోకల్" అనడం మన దగ్గర అలవాటు, కానీ చట్టం దృష్టిలో అవి పూర్తిగా వేరు.

ఆ బ్యాటరీని పారేయవద్దు, గుచ్చవద్దు, మళ్లీ చార్జి పెట్టవద్దు. పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో, ఇంటి బయట, నీడన ఉంచండి. మీ కేసుకు అదే ముఖ్య సాక్ష్యం. రసీదు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి. వినియోగదారుల కమిషన్ కోరితే అదే సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది.

షాపుకు, దిగుమతిదారుకు 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. ఈలోపు 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు. జవాబు రాకపోతే నెల్లూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో దావా వేయండి. కొన్న వస్తువుకు మీరు చెల్లించినది 5 లక్షల లోపు కనుక ఫీజు ఉండదు. గడువు 2 సంవత్సరాలు ఉన్నా, ఇటువంటి కేసులో ఆలస్యం చేస్తే సాక్ష్యమే బలహీనపడుతుంది.

మీ రెండో ప్రశ్నకు నా అభిప్రాయం ఇది. వారంటీ నడుస్తున్నంత కాలం కంపెనీ బ్యాటరీయే కొనండి. బయటి బ్యాటరీలన్నీ చెడ్డవని కాదు. కెమెరాకు ఏదైనా జరిగినప్పుడు కారణం గురించిన వాదనకే తావు ఉండకూడదని చెబుతున్నాను. వారంటీ ముగిశాక, రిజిస్ట్రేషన్ నంబరు, మన దేశంలో చిరునామా ఉన్న బయటి కంపెనీ బ్యాటరీని నిస్సంకోచంగా కొనవచ్చు. ఏది కొన్నా, బిల్లు మీద "కెమెరా సామాను" అని రాసి ఇస్తే ఒప్పుకోకుండా, బ్యాటరీ మోడల్, సీరియల్ నంబరు రాయించుకున్న తరువాతే డబ్బు ఇవ్వండి.