ఇంటేక్ ఫ్లాప్‌లు పీకేస్తే పికప్ పెరుగుతుందా?

ప్రశ్న: నాది స్కోడా లారా, 2.0 టీడీఐ కామన్‌రెయిల్ డీజిల్. ఇంజన్ లైట్ వెలిగితే స్కాన్ చేయించాను, పీ2015 కోడ్ వచ్చింది. ఇంటేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల అమరిక) మొత్తం మార్చాలని ఒకరన్నారు. ఇంకో మెకానిక్ ఏమో లోపలి ఫ్లాప్‌లు (గాలి దారిలోని చిన్న మూతలు) పీకేసి, ఈసీయూలో (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌లో) వాటిని ఆఫ్ చేస్తే ఖర్చు తగ్గుతుంది, పికప్ కూడా పెరుగుతుందంటున్నాడు. చేయించమంటారా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పికప్ కోసమైతే వద్దండి. పెరగదు సరికదా, కింది ఆర్‌పీఎంలో (ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు) తగ్గే అవకాశమే ఎక్కువ.

ఈ ఇంజన్‌లో ఒక్కో సిలిండర్‌కి గాలి రెండు దారుల్లో వెళ్తుంది. ఫ్లాప్ ఉండేది ఒక దారికే. తక్కువ ఆర్‌పీఎంలో అది మూసుకుంటే గాలంతా రెండో దారిలోంచి జోరుగా దూరి, కవ్వంతో చిలికినట్టు సుడి తిరుగుతూ డీజిల్‌తో బాగా కలుస్తుంది. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ ఫ్లాప్‌లు తెరుచుకుంటూ, దాదాపు 3000 దగ్గర పూర్తిగా తెరుచుకుంటాయి. అంటే మీరు ఓఆర్‌ఆర్ మీద గట్టిగా తొక్కేటప్పుడు అవి ఎలాగూ అడ్డు ఉండవు. లేని అడ్డును తీసేస్తే వచ్చేదేముంటుంది? అమీర్‌పేట ట్రాఫిక్‌లో సెకండ్ గేర్‌లో పాకుతున్నప్పుడు మాత్రం ఇంజన్ కాస్త మొద్దుగా అనిపించవచ్చు, పొగ కూడా పెరగవచ్చు.

అలాగని, తీయించాక బండి బాగా లాగుతోందనేవాళ్లంతా అబద్ధం చెబుతున్నారని కాదు. ఫ్లాప్‌లు తీయాలంటే మానిఫోల్డ్ ఊడదీయాలి. ఈజీఆర్ (కాలిన పొగలో కొంత మళ్లీ ఇంజన్‌లోకి పంపే ఏర్పాటు) నుంచి వచ్చే మసి, ఆయిల్ ఆవిరితో కలిసి లోపల తారులా పేరుకుని ఉంటుంది. దాన్నీ గీకేస్తారు. పనిలో పనిగా ఈసీయూ రీమ్యాప్ చేసి, అంటే సెట్టింగులు మార్చి, బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి), ఫ్యూయల్ పెంచుతారు. పని చేసింది ఇవి, పేరు మాత్రం ఫ్లాప్‌లకు!

ఇక మీ కోడ్ సంగతి. పీ2015 వచ్చినంత మాత్రాన ఫ్లాప్‌లు విరిగిపోయినట్టు కాదు. వాటి పొజిషన్ చెప్పే సెన్సర్ రీడింగ్ ఉండాల్సిన హద్దుల్లో లేదని అర్థం. ఫ్లాప్ మోటార్ ఉన్న చివర చూడమనండి. చాలా బళ్లలో అక్కడి ప్లాస్టిక్ స్టాప్ అరిగిపోయి, ఫ్లాప్‌లను తిప్పే లివర్ ఆగాల్సిన చోట ఆగకుండా ముందుకు పోతుంది. దానికి బిగించే అల్యూమినియం బ్రాకెట్లు విడిగా దొరుకుతాయి. లివర్ చేత్తో తిప్పితే సాఫీగా తిరుగుతుంటే ముందు అదే వేయించి, కోడ్ చెరిపి, స్కానర్‌తో ఫ్లాప్ మోటార్‌కి అడాప్టేషన్ (దాని హద్దులు ఈసీయూకి మళ్లీ నేర్పడం) చేయించండి. బిగుసుకుపోయి ఉంటే మానిఫోల్డ్ విప్పి మసి శుభ్రం చేయించాలి. ఫ్లాప్‌లు తిరిగే షాఫ్టే వదులైపోతే మార్చక తప్పదు.

ఫ్లాప్‌లు తీసేయడంలో అర్థమున్న ఇంజన్లూ లేకపోలేదు. పాత బీఎండబ్ల్యూ ఎం47, ఎం57 డీజిళ్లలో ఫ్లాప్ ముక్కలు, స్క్రూలు ఊడి సిలిండర్‌లో పడి ఇంజన్‌నే చెడగొట్టిన సందర్భాలున్నాయి. అందుకే వాటికి ఫ్లాప్‌లు తీసి, ఆ చోటును మూసే బ్లాంకింగ్ ప్లేట్లు వేస్తారు, పవర్ కోసం కాదు.

ఇంకో మాట. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలోని 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఓనర్‌కి రూ.5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ప్రశ్న: చవకలో బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు స్కాన్ పోర్ట్‌కి తగిలించి ఫోన్‌లో రీడింగ్‌లు చూసే పరికరం) కొన్నాను. ఆండ్రాయిడ్‌లో పనిచేస్తోంది, ఐఫోన్‌కి కనెక్ట్ కావడం లేదు. ఎందుకు? – ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చవక డాంగిళ్లలో చాలావాటికి పాత రకం బ్లూటూతే ఉంటుంది. ఓబీడీ యాప్‌లు ఐఫోన్‌లో దాంతో మాట్లాడలేవు. వైఫై గానీ, బ్లూటూత్ ఎల్‌ఈ (తక్కువ కరెంట్ వాడే కొత్త రకం) గానీ ఉన్నది తీసుకోండి. బండి ఆపాక డాంగిల్ పీకేయడం మరవద్దు. చాలా కార్లలో ఆ పోర్ట్‌కి కరెంట్ ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, నాలుగు రోజులు కదపకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు.