జబ్బు తగ్గింది, విమానం ఎక్కనిస్తారా?

చాలా ఉత్తరాలది ఈసారి ఒకే గోడు. ఒంట్లో నలత తగ్గింది, టికెట్లు చేతిలో ఉన్నాయి, తీరా డాక్టరు రాసివ్వాల్సిన కాగితం దగ్గర బండి ఆగిపోయింది. ఒక విమాన సంస్థ మెడికల్ డెస్క్‌లో కూర్చుని ఇలాంటి కాగితాలు చదవడమే చాలాకాలం నా ఉద్యోగం. అందుకే బల్లకు అవతలివైపు కూర్చున్నవాళ్లు ఏం చూస్తారో దాపరికం లేకుండా చెబుతాను.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. గుండెపోటు వస్తే స్టెంటు వేశారు. ఇప్పుడు బాగానే తిరుగుతున్నారు. వచ్చే నెల విదేశంలో ఉన్న అన్నయ్య దగ్గరికి పంపాలి. మధ్యలో ఒకచోట విమానం మారాలి. డాక్టరుగారు ‘ప్రయాణానికి ఫిట్’ అని రాసిచ్చారు. దానికి డిశ్చార్జ్ సమ్మరీ కూడా జతచేసి పంపాం. రెండూ చాలవంటున్నారు ఎయిర్‌లైన్ వాళ్లు. ఇంకేం కావాలి వాళ్లకి?
– ఒక కూతురు

జవాబు: మీ చిరాకు అర్థమైందమ్మా. కానీ ఆ రెండు కాగితాలు నా బల్ల మీదకి వచ్చినా నేనూ వెనక్కే పంపేవాణ్ని.

డిశ్చార్జ్ సమ్మరీలో ఉండేది ఇంటికి పంపిన రోజు నాటి పరిస్థితి. ఆ తర్వాత నాన్నగారు ఎలా ఉన్నారో అందులో ఉండదు. ఇక ‘ఫిట్’ అన్న చీటీలో డాక్టరుగారి అభిప్రాయం ఉంది గానీ, ఆయన దేన్ని చూసి ఆ మాట అన్నారో లేదు. ఎయిర్‌లైన్ డాక్టరు మీ నాన్నగారిని చూడరు, నాడి పట్టుకోరు. ఆయన తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఈ మనిషి ఇన్ని గంటలు ఆ సీట్లో, ఆ గాలిలో, ప్రత్యేక వైద్యసాయం లేకుండా కూర్చోగలరా?

‘ఆ గాలి’ అని ఎందుకన్నానంటే, విమానం లోపలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తున్న కొండ మీద ఎంత ఉంటుందో అంతే ఉంటుంది. నేల మీద 97, 98 చూపించే రక్తంలోని ఆక్సిజన్ శాతం ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనే 90కి దగ్గరగా దిగవచ్చు. వాళ్లకది తెలియను కూడా తెలియదు. ఈమధ్యే దెబ్బతిన్న గుండెకి మాత్రం అది అదనపు పని. చిక్కులేమీ లేని గుండెపోటైతే సాధారణంగా వారం, పది రోజులు దాటాక ప్రయాణానికి ఒప్పుకుంటారు. మీరు వెళ్లేది వచ్చే నెల కాబట్టి గడువు విషయంలో టెన్షన్ పడక్కర్లేదు. మీకు తక్కువైంది వివరాలే.

ఉత్తరంలో ఏముండాలో చెబుతాను, ఇదే పేజీ చింపి డాక్టరుగారికి చూపించినా ఫర్వాలేదు. పాస్‌పోర్టులో ఉన్నట్టుగా పూర్తి పేరు, పుట్టిన తేదీ. గుండెపోటు వచ్చిన తేదీ, స్టెంటు వేసిన తేదీ. ఆ తర్వాత ఛాతీనొప్పి, ఆయాసం వచ్చాయా లేదా. గుండె పంపింగ్ శాతం ఎంత, ఆ పరీక్ష ఎప్పుడు చేశారు. ఆక్సిజన్ పెట్టకుండా చూస్తే శాతం ఎంత ఉంది. వాడుతున్న మందుల జెనరిక్ పేర్లు. ఏ తేదీన, ఏ విమానంలో, ఎన్ని గంటల ప్రయాణం. వీల్‌చెయిర్, ఆక్సిజన్, తోడు మనిషి అవసరమా కాదా. చివర్లో డాక్టరుగారి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోను, సంతకం, తేదీ. ఉత్తరం లెటర్‌హెడ్ మీద, ఇంగ్లిష్‌లో ఉండాలి.

వీటన్నిటికంటే నేను ముందు వెతికే వాక్యం ఒకటుంది: ‘50 మీటర్లు నడిచినా, ఒక అంతస్తు మెట్లెక్కినా ఛాతీనొప్పి గానీ తీవ్రమైన ఆయాసం గానీ రావడం లేదు.’ ఇది వైద్యులు చాలాకాలంగా వాడుతున్న మోటు కొలత. ఖరీదైన పరీక్షల రిపోర్టులు ఓ కట్ట పంపి, ఈ ఒక్క ముక్క రాయనివాళ్లే ఎక్కువ.

చాలా ఎయిర్‌లైన్లు ఉత్తరంతో సరిపెట్టుకోకుండా ‘మెడిఫ్’ అనే ఫారం అడుగుతాయి. విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం ఐయాటా తయారుచేసిన నమూనా అది. ఒక భాగం ప్రయాణికులు నింపాలి, ఇంకొకటి వైద్యం చేసిన డాక్టరు నింపాలి. మీ ఎయిర్‌లైన్ వెబ్‌సైట్లో దొరికే ఫారాన్నే ప్రింటు తీయండి, వేరే సంస్థది పనికిరాదు. నింపిన ఫారాన్ని ప్రయాణానికి 48 నుంచి 72 గంటల ముందే పంపమని ఎక్కువ సంస్థలు అంటాయి. నామాట విని వారం ముందే పంపండి. ఏదైనా గడి ఖాళీగా ఉందని వెనక్కి వస్తే మళ్లీ డాక్టరుగారి అపాయింట్‌మెంట్ దొరకాలి కదా. అలాగని మరీ ముందు రాయించినా లాభం లేదు. అమెరికాకి వచ్చిపోయే విమానాల నిబంధనల ప్రకారం, వైద్య ధ్రువపత్రం అడిగే సందర్భాల్లో అది బయల్దేరే తేదీకి 10 రోజుల లోపు రాసినదై ఉండాలి. ఎక్కడికి వెళ్లినా ఈ లెక్క పెట్టుకుంటే ఇబ్బంది ఉండదు.

విమానం మారాలన్నారు కాబట్టి ఇంకొకటి కూడా చూసుకోండి. టికెట్ అమ్మింది ఒక సంస్థ, విమానం నడిపేది మరో సంస్థ అయితే నడిపేవాళ్ల మాటే చెల్లుతుంది. రెండు విమానాలూ రెండు వేర్వేరు సంస్థలవైతే అనుమతి రెండు చోట్లా తెచ్చుకోవాలి. మొదటి విమానం దిగాక రెండోది ఎక్కనివ్వకపోతే ఊరుకాని ఊళ్లో పెద్దాయన ఒక్కరూ కూర్చోవాల్సి వస్తుంది. అనుమతి ఈమెయిల్ వచ్చాక దాన్ని ప్రింటు తీసి ఉత్తరంతో కలిపి చేతిసంచిలో పెట్టండి. మందులూ అందులోనే, వాటి అసలు ప్యాకింగ్‌తోనే ఉంచండి.

అన్నట్టు, ఫారాన్ని స్కాన్ చేసి పంపండి. ఫోన్‌తో తీసిన ఫొటోల్లో సరిగ్గా రిజిస్ట్రేషన్ నంబరు మీదే ఎవరిదో బొటనవేలు అడ్డంగా ఉండేది. ఎవరి వేలైతేనేం, ఆ ఫారం ఆ రోజుకి పక్కకి పోయేది.

ప్రశ్న: బాబుకి ఆటలమ్మ వచ్చి తగ్గింది. జ్వరం లేదు, ఆడుకుంటున్నాడు. పొక్కులు మాత్రం ఇంకా రాలిపోలేదు. చెకిన్ దగ్గర ఆపుతారేమోనని భయంగా ఉంది.

జవాబు: ఆపే అవకాశం ఉంది. కౌంటర్లో ఉన్న అమ్మాయికి ఎండిన పొక్కుకి, పచ్చి పొక్కుకి తేడా తెలియాలని లేదు. మొహం నిండా మచ్చలు కనిపిస్తే పైవాళ్లని పిలుస్తుంది. పొక్కులన్నీ ఎండి పక్కు కట్టాయంటే ఇతరులకు అంటదు. రాలిపోయేదాకా ఆగక్కర్లేదు. పిల్లల డాక్టరుగారి ఉత్తరంలో మూడు ముక్కలుంటే చాలు: దద్దురు మొదలైన తేదీ, కొత్త పొక్కులు రావడం లేదని, ఉన్నవన్నీ ఎండిపోయాయని. ఆ ఉత్తరం చెకిన్ చేసే పెట్టెలో పడేయకండి.

ప్రశ్న: న్యుమోనియా తగ్గింది. మా డాక్టరేమో ‘గాల్లో ఏమైనా అయితే నా మెడకు చుట్టుకుంటుంది, నేను రాయను’ అంటున్నారు. అరగంటలో సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ వాళ్లున్నారట. తీసుకోమంటారా?

జవాబు: ఆన్‌లైన్ సంగతి ముందు. వీడియోలో మిమ్మల్ని చూసి, రిపోర్టులు చదివి, నాలుగు ప్రశ్నలు అడిగే డాక్టరైతే అది వైద్యమే. పేరూ, కార్డు నంబరూ తీసుకుని పీడీఎఫ్ పంపేవాళ్లది మాత్రం పచ్చి మోసం. మెడికల్ డెస్క్ వాళ్లకి అనుమానమొస్తే ఆ ఉత్తరంలో ఉన్న నంబరుకే ఫోన్ చేస్తారు. అవతల మీ కేసు తెలిసినవాళ్లు ఎత్తకపోతే మీ ప్రయాణం అక్కడితో సరి.

మీ డాక్టరుగారి భయం కూడా ఉత్తుత్తిది కాదు. మీరు తనని గ్యారంటీ అడుగుతున్నారని ఆయన అనుకుంటున్నారు. మెడిఫ్ ఫారం డాక్టరు భాగాన్ని ప్రింటు తీసి ఆయన ముందు పెట్టండి. అందులో అడిగేవి రోగం, తేదీలు, ఇప్పటి పరిస్థితి, ప్రయాణానికి తట్టుకోగలరా లేదా అన్న అంచనా. ఎక్కించుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఎయిర్‌లైన్‌దే. అనుమతి ఇచ్చాక కూడా, గేటు దగ్గర మీరు రొప్పుతూ కనిపిస్తే దించేసే అధికారం కెప్టెన్‌కి ఉంటుంది. ఈ సంగతి తెలిస్తే చాలామంది డాక్టర్లు పెన్ను తీస్తారు.

న్యుమోనియాలో ఎక్స్‌రే మీద నీడ, మనిషి బాగుపడ్డాక కూడా కొన్ని వారాలు ఉండిపోవచ్చు. కాబట్టి ఎక్స్‌రే ఒక్కటే పంపి ఊరుకోకండి. జ్వరం ఎప్పుడు పోయింది, ఆక్సిజన్ శాతం ఎంత, నడిస్తే ఆయాసం ఉందా అన్నవి రాయించండి.

ప్రశ్న: 2022 మొదట్లో అమెరికా వెళ్లినప్పుడు కొవిడ్ నుంచి కోలుకున్నట్టు ఉత్తరం పట్టుకెళ్లాం. ఇప్పటికీ అలాంటిది కావాలా?

జవాబు: అక్కర్లేదు. 2021 డిసెంబర్ 6 నుంచి అమెరికాకి విమానం ఎక్కేవాళ్లు ముందురోజు లోపు చేయించుకున్న నెగెటివ్ రిపోర్టు చూపించాల్సి వచ్చేది. కోలుకున్నాక కూడా కొందరికి వారాల తరబడి పాజిటివ్ వస్తూనే ఉండేది కదా, వాళ్ల కోసమే ఆ రికవరీ ఉత్తరం: 90 రోజుల లోపు పాజిటివ్ రిపోర్టు, దానికి తోడు ప్రయాణించవచ్చని డాక్టరు రాసిన కాగితం. ఆ నిబంధనని 2022 జూన్ 12న ఎత్తేశారు. యూరప్‌లో పాజిటివ్ వచ్చిన 11వ రోజు నుంచి 180వ రోజు దాకా చెల్లే రికవరీ సర్టిఫికెట్ ఉండేది. ఆ చట్టం గడువు కూడా 2023 జూన్ 30తో తీరిపోయింది.

ఆ రోజుల నుంచి చాలామందిలో ఒక గందరగోళం మాత్రం ఉండిపోయింది. అప్పటి కాగితం అడిగింది దేశం. ఇప్పుడు గుండెపోటుకో, ఆపరేషన్‌కో అడుగుతున్నది ఎయిర్‌లైన్. దేశం అడిగే ఆరోగ్య పత్రాల్లో ఇప్పటికీ గట్టిగా నిలిచింది ఎల్లో ఫీవర్ టీకా కార్డు, అదీ కొన్ని దేశాలకే. టీకా వేయించుకున్న 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. 2016 జూలై 11 నుంచి ఒక్క కార్డు జీవితాంతం పనికొస్తోంది. జబ్బు వల్ల టీకా వేయించుకోలేనివాళ్లు డాక్టరు మినహాయింపు పత్రం తీసుకోవచ్చు గానీ, దాన్ని ఒప్పుకుంటారో లేదో ఆ దేశ రాయబార కార్యాలయాన్ని ముందే అడగాలి.

ప్రశ్న: టీబీకి మందులు మొదలుపెట్టి రెండో నెల. దగ్గు లేదు, బరువు పెరిగాను. విదేశంలో ఉద్యోగం, వెంటనే చేరాలి. ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోతే ఏమవుతుంది?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: చెప్పకుండా వెళ్లకండి. అంత అవసరం కూడా మీకు లేదు. మామూలు టీబీకి సరైన మందులు కనీసం రెండు వారాలు పడ్డాకే విమానం ఎక్కాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. మీరు ఆ గడువు ఎప్పుడో దాటారు. అయితే మీ టీబీ మందులకు లొంగే రకమేనని తేలాలి. మొండి రకమైతే, కళ్లెలో క్రిములు పెరుగుతున్నాయేమో చూసే కల్చర్ పరీక్ష నెగెటివ్ వచ్చేదాకా ప్రయాణం కుదరదు. మీ డాక్టరుగారితో మందులు మొదలైన తేదీ, కళ్లె పరీక్ష ఫలితాలు, మందులు పనిచేస్తున్నాయన్న రిపోర్టు, ఇప్పుడు ఇతరులకు అంటదన్న మాట రాయించండి. మిగతా కోర్సుకి మందులు అక్కడ ఎలా దొరుకుతాయో కూడా ఇప్పుడే తేల్చుకోండి. నాకైతే విమానం కంటే మధ్యలో మందులు ఆగిపోతాయేమో అన్నదే ఎక్కువ బెంగ.

దాచి వెళ్లి తర్వాత బయటపడితే మీ ఒక్కరితో పోదు. ఇతరులకు అంటుకునే దశలో ఉన్న టీబీ మనిషి 8 గంటలు, ఆపైన విమానంలో కూర్చున్నారని తెలిస్తే, ఆ వరుసలోనూ ముందూ వెనకా రెండేసి వరుసల్లోనూ కూర్చున్నవాళ్లని వెతికి కబురు పెట్టాల్సి వస్తుంది. అమెరికాలో ఇలాంటివాళ్లని విమానం ఎక్కనివ్వకుండా ఆపే జాబితా 2007 నుంచీ ఉంది. ఉద్యోగ వీసాకి చేసే వైద్య పరీక్ష వేరే సంగతి. అక్కడ కూడా అడిగినదానికి నిజమే చెప్పండి.

ప్రశ్న: అమ్మకి రెటీనా ఆపరేషన్ అయింది. కంట్లో గ్యాస్ పెట్టామన్నారు. నొప్పి లేదు, హాయిగా ఉంది. పది రోజుల్లో ప్రయాణం. కంటికి కూడా లెటర్ కావాలా?

జవాబు: లెటర్ మాట తర్వాత, ముందు టికెట్ మార్చండి. పైకి వెళ్లేకొద్దీ ఒత్తిడి తగ్గి కంట్లోని గ్యాస్ ఉబ్బుతుంది. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు. నొప్పి లేకపోవడం ఇక్కడ లెక్కలోకి రాదు. ఏ గ్యాస్ పెట్టారో సర్జన్ని అడగండి. సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అయితే అది కరిగిపోవడానికి కనీసం రెండు వారాలు పడుతుంది, పెర్‌ఫ్లోరోప్రొపేన్ అయితే ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రోజులు లెక్కపెట్టుకుని మీరే బయల్దేరకండి. సర్జన్ కంట్లోకి చూసి, బుడగ పూర్తిగా పోయిందని తేదీ వేసి రాయాలి. గ్యాస్‌కి బదులు సిలికాన్ ఆయిల్ పెట్టి ఉంటే ఈ గొడవ లేదు. బుడగ ఉన్నంతకాలం ఎత్తయిన కొండ దారుల్లో ప్రయాణం కూడా వద్దు. ఆసుపత్రిలో అమ్మగారి చేతికి హెచ్చరిక పట్టీ కట్టి ఉంటే, స్నానానికి అడ్డమొస్తోందని తీసేయనివ్వకండి. పంటి నొప్పికో, ఇంకో చిన్న ఆపరేషన్‌కో ఎక్కడికైనా వెళ్లినప్పుడు నైట్రస్ ఆక్సైడ్ మత్తు ఇవ్వకూడదని అక్కడి డాక్టరుకి తెలిసేది ఆ పట్టీ వల్లే.