చెంచు పిల్లవాడు క్లాసుకు రావడం లేదు

ప్రశ్న: కర్నూలులో పీజీ పిల్లలకు పాఠాలు చెబుతాను మేడమ్. ఆత్మకూరు వైపు పెంట (చెంచుల గూడెం) నుంచి వచ్చిన చెంచు అబ్బాయి, తెలివైనవాడు, రెండు వారాలుగా రావడం లేదు. ఏం చేయాలి?

జవాబు: హాజరు సంగతి ముందే ఎత్తొద్దు నాయనా. తిన్నావా అని అడుగు. నేను ఇరవై ఏండ్లు హాస్టలు వార్డెనుగా చేసినదాన్ని. ఒక చెంచు పిల్ల ఇట్లాగే వెళ్లిపోయింది. స్కాలర్‌షిప్పు పడలేదు, మెస్ బిల్లు పేరుకుంది, బాకీదారుల పేర్లు నలుగురిలో చదివారు. ఆ సిగ్గు భరించలేకపోయింది. పెంటకు వెళ్లి, తప్పు మాదమ్మా అన్నాను. మూడో రోజు తిరిగొచ్చింది.

బాకీ ఉంటే గడువు ఇప్పించు. చెంచుల కోసం శ్రీశైలంలో ఐటీడీఏ, అంటే ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది. ఉత్తరం ఇచ్చి పంపకుండా నువ్వే వెంట వెళ్లు. పీహెచ్‌డీకి గిరిజన విద్యార్థులకు ఏటా 750 జాతీయ ఫెలోషిప్పులున్నాయని కూడా చెప్పు.

ఇంకోటి. శ్రీశైలం మల్లన్నను తమ ఇంటి అల్లుడిగా చెప్పుకునే జనం వాళ్లు. మాట్లాడేది తెలుగే, అయినా ఆ యాసకు నవ్వేవాళ్లుంటారు. నీ క్లాసులో ఆ నవ్వును నువ్వే ఆపాలి.

ఈ ఆదివారమే ఆత్మకూరు బస్సెక్కు. పోయిన పాఠాల నోట్సు జెరాక్సు తీసి పట్టుకెళ్లు.