యూనియన్‌లో చేరితే మా అబ్బాయి భవిష్యత్తుకు అడ్డమా?

ప్రశ్న: మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా పూర్తి చేసి ఒక ఫ్యాక్టరీలో చేరి ఎనిమిది నెలలయింది. తోటివాళ్లు యూనియన్‌లో చేరమంటున్నారట. చేరితే పర్మినెంట్ చేయరేమోనని, వేరే కంపెనీకి వెళ్లినా అది వెంటాడుతుందేమోనని భయంగా ఉంది. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, అనకాపల్లి జిల్లా

జవాబు: అమ్మా, యూనియన్ సంగతి తేల్చుకునే ముందు, నియామక పత్రంలో మీ అబ్బాయిని ఏమని రాశారో చూడండి. 1961 నాటి చట్టం కింద నమోదైన అప్రెంటిస్ అయితే, చట్టం దృష్టిలో అతను శిక్షణ పొందుతున్నవాడే తప్ప కార్మికుడు కాడు కనుక, తొలగింపు పరిహారం వంటివి అతనికి వర్తించవు. 'ఫిక్స్‌డ్ టర్మ్' (నిర్ణీత కాలానికి ఇచ్చే ఉద్యోగం) అని ఉంటే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల (కొత్త కార్మిక చట్టాల) ప్రకారం, అదే పని చేసే పర్మినెంట్ కార్మికుడితో సమానమైన పని గంటలు, వేతనం అతనికి ఇవ్వాలి. ఏడాది పూర్తయితే గ్రాట్యుటీకి కూడా అర్హుడవుతాడు. ఉత్త 'ట్రైనీ' అని రాసి మూడు షిఫ్టుల్లోనూ యంత్రం మీద పూర్తి పని చేయిస్తుంటే, ఆ పేరు చూసి హక్కులేవీ లేవనుకోవద్దు. ఇటువంటి వివాదాల్లో చేసే పని స్వభావాన్నే ప్రధానంగా చూస్తారు.

సంఘంగా ఏర్పడే హక్కును రాజ్యాంగంలోని 19వ అధికరణం ఇచ్చింది. సభ్యత్వం తీసుకున్నందుకు బెదిరించడం, తొలగించడం చట్టరీత్యా అనుచిత కార్మిక విధానం. అనుభవ ధ్రువపత్రంలో యూనియన్ ప్రస్తావన ఉండదు. అయినా కొన్నిచోట్ల అధికారులు మొహం మాడ్చుకోవడం, షిఫ్టులు మార్చి ఇబ్బంది పెట్టడం జరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి దాచి మీకు ధైర్యం చెప్పలేను. అందుకే ఆ సంఘం రిజిస్టరైనదేనా, చందాకు రశీదు ఇస్తారా అన్నవి కనుక్కున్నాకే చేరమనండి. మరొక జాగ్రత్త కూడా అవసరం: కార్మికుల్లో సగం మంది లేదా అంతకు మించి ఒకే రోజు మూకుమ్మడిగా సెలవు పెట్టినా కొత్త చట్టం దాన్ని సమ్మెగానే లెక్కిస్తుంది, సమ్మెకు కనీసం 14 రోజుల ముందు నోటీసు ఉండాలి. ఇది తెలియక కుర్రవాళ్లు చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది.

నా దగ్గరకు వచ్చే ఒక ఐటీఐ ఫిట్టర్ రోజూ తన షిఫ్టు, ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు జేబు డైరీలో రాసుకునేవాడు. ఒక నెల పే స్లిప్‌లో ఓటీ గంటలు తగ్గినప్పుడు, ఆ డైరీని గేటు పంచింగ్ వివరాల పక్కన పెట్టి యూనియన్ కార్యదర్శి మాట్లాడితే, మరుసటి నెల జీతంలో ఆ సొమ్ము రెట్టింపు రేటుతో జమైంది. ఒంటరిగా అడిగితే ఆ కుర్రవాడి మాట ఎవరూ వినేవారు కాదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈసారి మీ అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు నియామక పత్రం, మూడు నెలల పే స్లిప్‌లు తెమ్మనండి. పీఎఫ్ కోత కనిపిస్తే, ఆ సొమ్ము నిజంగా జమవుతోందో లేదో యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడికి ఇచ్చే గుర్తింపు) నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్‌లో చూసుకోమనండి. తెల్లకాగితం మీద సంతకం మాత్రం, అడిగేది యాజమాన్యమైనా సంఘమైనా, పెట్టవద్దని చెప్పండి. ఇవన్నీ చూసుకున్నాక కూడా అతను చేరతానంటే మీరు ఆపవద్దు.